స్టేట్‌మెంట్, ప్రపోజిషన్ ఒకటేనా వేరా? మీకు తేడా ఎక్కడ తగిలిందో చెప్పండి

తర్కం_కొత్త:
అందరికీ నమస్కారం. లాజిక్ సొంతంగా చదువుకుంటున్నా, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని. ఒకదాంట్లో మొదటి పేజీలోనే నిజమో అబద్ధమో తేలే వాక్యాన్ని స్టేట్‌మెంట్ అంటారు, దాన్నే ప్రపోజిషన్ అని కూడా అంటారు అని రాసేసి ముందుకెళ్ళిపోయారు. రెండో దాంట్లో ఈ రెండూ వేరు అని ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. వాక్యం వేరు, అది చెప్పే సంగతి (ప్రపోజిషన్) వేరు అన్నంతవరకు ఓకే, "మంచు తెల్లగా ఉంటుంది" అని తెలుగులో అన్నా జపనీస్‌లో అన్నా సంగతి ఒకటే కదా. మరి మధ్యలో ఈ స్టేట్‌మెంట్ ఏంటి, దాని పనేంటి? డెఫినిషన్లు నా దగ్గరున్నాయి, అవి వద్దు. మీకు ఈ తేడా నిజంగా ఎక్కడ అవసరపడిందో చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు:
మీ మొదటి పుస్తకం తప్పేం కాదండీ. లెక్కల్లో రెండిటినీ ఒకటిగానే వాడతాం, తెలుగు మీడియం పుస్తకాల్లో అయితే "ప్రవచనం" అంటాం. ఎందుకు ఇబ్బంది రాదంటే "7 ప్రధాన సంఖ్య" అన్నది ఎవరన్నా ఎప్పుడన్నా మారదు కాబట్టి. x + 3 = 5 ప్రవచనమా అని అడిగితే క్లాసులో సగం మంది అవునంటారు, కాదు, x ఏంటో చెప్పందే నిజమో అబద్ధమో తేలదు. నేను ఏళ్ళ తరబడి అక్కడితో ఆపేసేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక పాప లేచి "మరి 'ఇప్పుడు నాకు ఆకలేస్తోంది' కూడా అంతే కదా సార్, నాకు అంటే ఎవరికో, ఇప్పుడు అంటే ఎప్పుడో తెలియకపోతే అవి కూడా x లే కదా" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి, యూక్లిడ్ రేఖాగణిత గ్రంథం మొదటి పుస్తకంలో 48 ప్రపోజిషన్లు ఉంటాయి, అందులో మొట్టమొదటిది ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం గీయమని. అది చేయాల్సిన పని, నిజం అబద్ధం అనే ప్రశ్నే రాదు. కాబట్టి లెక్కల పుస్తకంలో ఆ మాట కనపడితే లాజిక్ అర్థం పట్టుకుని చదవకండి.

నిదానంగా_చదివేవాడు:
ఆ పాప సరిగ్గా పట్టుకుంది మాస్టారూ, మొత్తం గొడవ ఆ "నాకు", "ఇప్పుడు" దగ్గరే మొదలవుతుంది. నేను ఫిలాసఫీలో ఎం.ఏ. చేశాను, మాకు ఇది ఇలా ఎక్కింది. "నాకు జ్వరంగా ఉంది" అనేది వాక్యం, కాగితం మీద ఉన్న మాటల వరుస, దానంతట అది నిజమూ కాదు అబద్ధమూ కాదు. నేను ఈ పూట నోరు తెరిచి ఆ మాట అంటే అప్పుడది స్టేట్‌మెంట్, ఒక మనిషి ఒక సమయంలో చేసిన పని. నేనన్న సంగతి, అంటే ఫలానా మనిషికి ఫలానా పూట జ్వరం అన్నది, ప్రపోజిషన్. ఇప్పుడు అదే వాక్యం మీరూ అన్నారనుకోండి, వాక్యం ఒకటే, ప్రపోజిషన్లు రెండు. మీరు "నాకు జ్వరంగా ఉంది" అంటే మీ పక్కన నేను "ఈయనకి జ్వరంగా ఉంది" అన్నాననుకోండి, వాక్యాలు రెండు, అన్నవాళ్ళం ఇద్దరం, ప్రపోజిషన్ మాత్రం ఒక్కటే.

1950లో ఆస్టిన్ అనే తత్వవేత్త "సత్యం" మీద రాసిన వ్యాసంలో స్టేట్‌మెంట్ చేయడం ఒక చారిత్రక సంఘటన అంటాడు, ఫలానా మనిషి ఫలానా మాటలతో ఫలానా వాళ్ళకి చెప్పడం. అదే ఏడాది స్ట్రాసన్ అనే ఇంకో తత్వవేత్త వేరే వ్యాసంలో ఫ్రాన్సు రాజు ఉదాహరణ తీసుకున్నాడు. "ఫ్రాన్సు రాజు తెలివైనవాడు" అని 14వ లూయీ కాలంలో ఒకడు, 15వ లూయీ కాలంలో ఇంకొకడు అంటే వాక్యం అదే కానీ మాట్లాడింది ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి. ఇవాళ అంటే? రాజే లేడు కాబట్టి నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదు అంటాడు స్ట్రాసన్. 1905లో తత్వవేత్త రసెల్ చెప్పిన లెక్క ప్రకారం అయితే రాజు లేడు కాబట్టి అది అబద్ధం. నాకు స్ట్రాసనే సరి అనిపిస్తాడు, రసెల్ వైపు ఉన్నవాళ్ళు ఇప్పటికీ చాలామందే.

ఒక హెచ్చరిక, కొందరు స్టేట్‌మెంట్ అంటే అనడం అనే పనిని అంటారు, కొందరు అన్న సంగతినే అంటారు. రెండో వాడుకలో అది ప్రపోజిషన్‌కి చాలా దగ్గరకొచ్చేస్తుంది. మీ రెండు పుస్తకాలకీ పొసగనిది బహుశా అక్కడే.

కోడ్_రాస్తా:
నాకు ఇది వేరే రకంగా తిరగబడింది బ్రో. ప్రోగ్రామింగ్‌లో స్టేట్‌మెంట్ అంటే కంప్యూటర్‌కి ఇది చెయ్ అని చెప్పే ముక్క, నిజం అబద్ధం దానికి అంటవు. ట్రూ ఫాల్స్ వచ్చేది ఎక్స్‌ప్రెషన్‌కి. పదేళ్ళు అలా అలవాటై లాజిక్ క్లాసులో కూర్చుంటే ఏమీ ఎక్కలేదు. కానీ ఒకటి అక్కడి నుంచే అర్థమైంది, ఇఫ్ లో కండిషన్ రాస్తాం కదా, అది నిజమని మనం ఎక్కడా చెప్పట్లేదు, ఊరికే పెట్టి చూస్తున్నాం అంతే. లాజిక్‌లో దీనికి ఏమైనా పేరుందా?

నిదానంగా_చదివేవాడు:
ఉంది, చాలా పాత విషయం. "వాన పడితే ఆట ఆగిపోతుంది" అన్నప్పుడు వాన పడుతుంది అనే సంగతి లోపల ఉంది కానీ నేను దాన్ని స్టేట్ చేయలేదు, రేపు వాన పడకపోయినా నన్నెవరూ పట్టుకోలేరు. ఫ్రేగె అనే జర్మన్ తర్కవేత్త 1879 పుస్తకంలో దీనికి రెండు గీతలు పెట్టాడు, అడ్డగీత పెడితే ఇదీ సంగతి అని మాత్రమే, దాని ఎడమ చివర నిలువుగీత కూడా పెడితే ఇది నిజమని నేనంటున్నాను అని. ఆ నిలువుగీతని మనసులో పెట్టుకుంటే చాలు, అది లేనిది ప్రపోజిషన్, ఉన్నది స్టేట్‌మెంట్. నేను ఎవరికి చెప్పినా ఇక్కడి నుంచే మొదలెడతాను.

వాదన_ఇష్టం:
ఒక్కసారి ఆగండి. ఈ ప్రపోజిషన్ అనేది ఎక్కడుంది? వాక్యాన్ని చూడొచ్చు, మనిషి అనడం వినొచ్చు. రెండు వాక్యాలు ఒకే ప్రపోజిషన్ చెప్తున్నాయని తేల్చడానికి కొలబద్ద ఏది, అర్థం ఒకటైతే అంటారు, అర్థం ఒకటని ఎలా తెలిసింది అంటే మళ్ళీ మొదటికొస్తారు. క్వైన్ అనే అమెరికన్ తత్వవేత్త గొడవ ఇదే, అసలు ప్రపోజిషన్లే వద్దు, "నేను", "ఇప్పుడు" లాంటివి తీసేసి పేరు, తేదీ, చోటు అన్నీ నింపేసిన వాక్యాలతో సరిపెట్టుకుందాం అన్నాడు. నేను సీరియస్‌గానే అడుగుతున్నా, ఎవరి దగ్గరైనా జవాబుంటే రాయండి.

అనువాదిని:
క్వైన్‌కి జవాబు నా దగ్గర లేదండీ, కానీ అనువాదం చేసేవాళ్ళకి ఇది రోజూ చేతికి తగులుతుంది. ఇంగ్లీషులో "వి హావ్ టు పే" అని ఒక్క ముక్క ఉంటుంది, తెలుగులోకి రాగానే "మేము కట్టాలి" అనాలా "మనం కట్టాలి" అనాలా? ఎదుటివాడు కూడా కట్టాలా వద్దా అన్నది మారిపోతుంది, అవి పూర్తిగా రెండు ప్రపోజిషన్లు. ఒకసారి మీటింగ్ నోట్స్‌లో నేను "మనం" అని రాసి పంపితే అవతలి పక్షం డబ్బు మేమెందుకు కట్టాలి అని లేచింది, అన్నాయన్ని మళ్ళీ అడిగితే కానీ తేలలేదు. అదే "వాడు వచ్చాడు", "ఆయన వచ్చారు" చూడండి, మర్యాద మారింది కానీ వచ్చిన మనిషీ రావడమూ అవే, ఒకటి నిజమై ఇంకోటి అబద్ధం అవ్వదు. నేను వాడే కొలత అదే, ఒకటి నిజమై రెండోది అబద్ధమయ్యే పరిస్థితి ఊహించగలిగితే ప్రపోజిషన్లు వేరు. కొలబద్ద అంటే మీరు అడిగినంత గట్టిది కాదు, పని మాత్రం నడుస్తుంది.

తర్కం_కొత్త:
చాలా థాంక్స్ అందరికీ, ముఖ్యంగా నిలువుగీత. నేనే ఒకటి ట్రై చేశా, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. "చంపిన పులి ఇదే." పులి ఎవరినో చంపిందా, పులినే ఎవరో చంపారా? అంటే ఒకే మనిషి ఒకే చోట నిలబడి అన్నా వాక్యం ఒకటే, ప్రపోజిషన్లు రెండు, ఆయన ఏది ఉద్దేశించాడో దాన్ని బట్టి స్టేట్‌మెంట్. అనువాదిని గారూ, స్టేట్‌మెంట్ మారిపోయి ప్రపోజిషన్ అలాగే ఉండిపోయిన కేసు మీకు ఎప్పుడైనా వచ్చిందా?

లెక్కల_మాస్టారు:
పులి ఉదాహరణ బాగుంది, క్లాసులో వాడుకుంటాను.

అనువాదిని:
వచ్చింది, ఒకే ఒక్క అక్షరం. సాక్షుల స్టేట్‌మెంట్లు అనువదించే పనిలో ఉన్నప్పుడు ఒకావిడ "అతను డబ్బు తీసుకున్నాడట" అంది. ముందు చేసినవాళ్ళు చివరి "ట" వదిలేసి ఆవిడే చూసినట్టు "తీసుకున్నాడు" అని ఇంగ్లీషులో పెట్టేశారు. అతను డబ్బు తీసుకోవడం అనే సంగతి రెండిట్లోనూ ఉంది, నిజమైతే నిజం, కాకపోతే కాదు. కానీ ఆవిడ ఆ సంగతికి పూచీ పడలేదు, విన్నానని చెప్పింది అంతే, అనువాదంలో మాత్రం ఆవిడే నిలువుగీత గీసినట్టయిపోయింది. రికార్డింగ్ మూడుసార్లు విన్నాను, ఆ "ట" స్పష్టంగా ఉంది. "తీసుకున్నాడని విన్నాను" అని మార్చి, ఎందుకు మార్చానో పక్కన రాసి పంపాను.