పాటలన్నీ నోటికొచ్చు, చార్టు మీద ఒక్క మాట గుర్తుపట్టరు. ఏం చెయ్యాలి?

బలపం_ముక్క:
విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు పేటలో అంగన్‌వాడీ మాది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 22 మంది. అభినయ గేయాలు ఓ 14 నోటికి వచ్చు. చార్టు దగ్గర నిలబెట్టి కర్ర పెడితే చివరిదాకా తడుముకోకుండా చెప్తారు. అదే చార్టులో మూడో వరసలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేటి?’ అంటే మళ్లీ పాట మొదటి నుంచి అందుకుంటారు. అక్షరం చూడట్లేదని తెలుస్తోంది.

అసలు పాటకీ చదువుకీ సంబంధం ఉందా, లేక ఇది కాలక్షేపమేనా? ఉంటే వారానికి ఎన్ని పాటలు పెట్టాలి, ఎలాంటివి పెట్టాలి? నలుగురైదుగురు పిల్లలు ఇంట్లో హిందీ, ఒడియా మాట్లాడతారు, వాళ్ల సంగతేంటి? తల్లులేమో ‘అ ఆలు ఎప్పుడు దిద్దిస్తారు’ అని రోజూ అడుగుతున్నారు.

గుణింతం:
టీచర్ గారూ, పిల్లల తప్పేం లేదు. వాళ్లకి ఆ చార్టు ఒక బొమ్మ. బొమ్మ చూడగానే పాట గుర్తొస్తుంది. పాట గుర్తొచ్చాక అక్షరాలతో పనేముంది?

సంబంధం ఉంది, కానీ దానంతట అది రాదు. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ ఇంగ్లీషు పిల్లలతో చేసిన ప్రయోగంలో, ఒకేలా వినిపించే మాటల్ని ఏరడం నేర్చుకున్న పిల్లలు చదువులో ముందుకెళ్లారు. వాళ్లలోనూ, ఆ శబ్దాల్ని చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ అక్షరాలతో జతచేసి నేర్చుకున్నవాళ్లకే ఎక్కువ లాభం కలిగింది. చెవికి పట్టింది కంటికి కట్టాలన్నమాట. మీ దగ్గర మొదటి సగం బ్రహ్మాండంగా ఉంది, రెండో సగమే లేదు.

14 పాటలూ పాడుకోనివ్వండి, అవి మానకండి. అక్షరాల పనికి మాత్రం వారానికి ఒక్కటే, నాలుగు వరసలు మించకుండా. వరసకి రెండు మూడు మాటలు చాలు. మొదట్లో ఒత్తులు లేనిది వెతకండి. దొరక్కపోతే మీరే కట్టండి. మీ పేట పిల్లలకి ఇలాంటిది సరిపోతుంది:

పీత పాకింది
గీత గీసింది
చేతికి దొరకదు
రాతి కింద ఉంది

ఇందులో 9 మాటలు, 23 అక్షరాలు. వాటిలో త, ద, క అనే మూడు హల్లులే వేర్వేరు గుణింతాలతో 14 చోట్ల వస్తాయి. కొత్త అక్షరాలు తక్కువ, ఉన్నవే మళ్లీ మళ్లీ. పాటని ఎంచుకునేటప్పుడు ఈ లెక్క వేసుకోండి. రాగం బావుందా లేదా అన్నది తర్వాత.

రోజుకి 10-12 నిమిషాలు చాలు. సోమవారం చార్టు కనపడకూడదు: మీరు పాడాలి, వాళ్లు అభినయించాలి. మంగళవారం వరస చివరి మాట దగ్గర ఆగండి, దాన్ని పిల్లలు పూరించాలి. అది కుదిరాక మధ్య మాట దగ్గర ఆగండి, కష్టం అక్కడే. బుధవారం ఒక్కో మాటకీ చప్పట్లు: పీ-త రెండు, దొ-ర-క-దు నాలుగు. గురువారం చార్టు బయటికి తీయండి. మీ కర్ర పక్కన పెట్టి, ఆరుగురేసి పిల్లల్ని పిలిచి వాళ్ల వేలితోనే చూపించమనండి.

ఇక్కడ తప్పకుండా ఒకటి జరుగుతుంది. ‘చేతికి’ అంటూనే పిల్లవాడు వేలిని వరసలోని రెండు మాటల మీదా గెంతిస్తాడు. పాట ఇంకా మిగిలుండగానే వరస అయిపోతుంది. అప్పుడు చెయ్యి పట్టుకుని సరిచెయ్యకండి. ‘వేలు ముందుకెళ్లిపోయింది, పాట వెనకుండిపోయింది, మళ్లీ చూద్దామా’ అనండి చాలు. రెండు మూడుసార్లకి వాడే సర్దుకుంటాడు. రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎందుకుందో వాడికి అర్థమయ్యేది అక్కడే, ఎంత చెప్పినా రాదు.

శుక్రవారం, అదే పాట రాసిన రెండో చార్టుని మాటలుగా కత్తిరించి కలిపేయండి, వరసలో పేర్చమనండి. శనివారం ‘పీత’ ముక్క తీసేసి అక్కడ ‘కోతి’ పెట్టి ఏమీ చెప్పకుండా చదవమనండి. ‘పీత పాకింది’ అన్నవాళ్లు ఇంకా పాటే పాడుతున్నారు. ఆగి, నవ్వి, ‘కోతి వచ్చిందేటి?’ అన్నవాళ్లు చూస్తున్నారు. ఇంతకన్నా మంచి పరీక్ష అవసరం లేదు. మూడేళ్ల వాళ్లని మాత్రం బుధవారం దగ్గరే ఆపేయండి.

బలపం_ముక్క:
చాలా ఉపయోగం అండీ. చప్పట్ల దగ్గర ఒక సందేహం. ‘పిల్లి’కి కొందరు ‘పిల్-లి’ అని కొడతారు. రాసేటప్పుడు పి, ల్లి కదా? సరిచెయ్యాలా?

గుణింతం:
వద్దు. నోరు ‘పిల్-లి’ అని విడదీస్తుంది, రాత ‘పి-ల్లి’ అని విడదీస్తుంది. రెండిట్లోనూ చప్పట్లు రెండే. ఒత్తులు వచ్చేదాకా ఈ తేడా ఎత్తకండి, అందుకే మొదట ఒత్తులు లేని పాట అన్నాను.

రెండో_అక్షరం:
పై సలహాలన్నీ సరే గానీ, ప్రాస సంగతి ఎవరూ అనలేదు. ఇంగ్లీషు రైమ్స్‌లో క్యాట్, హ్యాట్, మ్యాట్ అని మాట చివర కలుస్తుంది, వాళ్ల స్పెల్లింగుకి అదే దారి. అదే పద్ధతి తెలుగుకి తెచ్చి అంత్యప్రాస వెంట పడితే పని సగమే అవుతుంది. మన మాటల చివర ఉండేది చాలావరకు వ్యాకరణం. ‘చిట్టి చిలకమ్మా’ తీసుకోండి: కొట్టిందా, వెళ్లావా, తెచ్చావా. అన్నిటి చివరా ఉన్నది ప్రశ్న ‘ఆ’. పాడుకోవడానికి, ప్రశ్న-జవాబు ఆటకి అద్భుతం. కానీ చివర కలిసిందని పిల్ల కొత్తగా విన్న శబ్దం ఏమీ లేదు.

మన ప్రాస రెండో అక్షరం మీద. హల్లు ఒకటే ఉండాలి, అచ్చు మారొచ్చు. పీత, గీత, చేతి, రాతి. త అలాగే ఉంది, త తి అయింది. గుణింతం అంటే ఇదే కదా! వరసగా త తా తి తీ వల్లించే పిల్లకి ‘తి’లో ‘త’ ఉందని తెలియక్కర్లేదు, అదొక పాట. ప్రాస మాటల్ని ఒకదాని కింద ఒకటి రాసి, రెండో అక్షరాల చుట్టూ గీత గీస్తే ఆ పిల్ల కళ్లతో చూస్తుంది: ఒళ్లు ఒకటే, తలకట్టు బదులు గుడి వచ్చింది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. నాలుగేళ్ల పిల్లని ‘పీత, పడవ రెండూ ఒకే శబ్దంతో మొదలయ్యాయా?’ అని అడిగితే కాదంటుంది. ఆమె చెవికి ఒకటి పీ, ఒకటి ప. అది తప్పు జవాబు కాదు, మన లిపి కూడా వాటిని రెండు అక్షరాలుగానే రాస్తుంది. సోనాలి నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద ప్రచురించిన పరిశోధనలో తేలిందీ ఇదే: మొత్తం అక్షరం త్వరగా పట్టుబడుతుంది, దానిలోని హల్లునీ అచ్చునీ విడదీసి వినడం నిదానంగా వస్తుంది, అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. కన్నడ లిపి, మన లిపి అక్కచెల్లెళ్లు. కాబట్టి ‘ప్’ అని సగం హల్లు పలికించే ఫోనిక్స్ డ్రిల్లు ఈ వయసులో తెలుగుకి పెట్టకండి. ప్రాస ఆ పనిని నొప్పి లేకుండా చేస్తుంది.

పెద్ద పిల్లలకి, అంటే రెండో తరగతికి, ఒత్తుల కోసం సుమతీ శతకం తీయండి. అవి కంద పద్యాలు, ప్రాస తప్పనిసరి. ‘అక్కరకు’ పద్యంలో అక్కరకు, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున అని నాలుగు పాదాల్లోనూ కకి క ఒత్తే. వేమనవి చాలావరకు ఆటవెలదులు, వాటికి ప్రాస నియమం లేదు, ఈ పనికి కుదరవు. అయితే వాటి మకుటం దాదాపు ప్రతి పద్యంలోనూ అదే కాబట్టి చిన్నపిల్లలు చివరి పాదం అందుకోవడానికి బాగుంటాయి. అర్థం చెప్పకుండా బట్టీ పట్టించడం మాత్రం రెంటికీ వద్దు.

ఉప్పుగాలి:
రాగం గురించి ఒక హెచ్చరిక. రాగంలో హ్రస్వాలు సాగుతాయి. ‘పీత’ని ‘పీతా’ అని లాగి పాడితే పిల్ల రేపు పలక మీద దీర్ఘం పెడుతుంది. అప్పుడు మనం ‘దీర్ఘాలు రావట్లేదు’ అని తిట్టుకుంటాం. పట-పాట, కల-కాల తేడా చెవికి తెలియాల్సిన వయసిది. చార్టు బయటికి తీసే రోజు రాగం మానేసి, మామూలుగా మాట్లాడినట్టు రెండుసార్లు చెప్పండి, ఆ తర్వాతే వేలు. ఫోన్లో వచ్చే పాటలతో ఇబ్బంది ఇదే, పైగా అవి చాలా వేగం. బొమ్మ కదులుతుంటే కింద అక్షరాలెవరు చూస్తారు?

చార్టు కొలతలు కూడా చెప్పేస్తాను. 22×28 అంగుళాల చార్టుని అడ్డంగా పెట్టుకోండి. అక్షరం ఎత్తు 5 సెంటీమీటర్లు, వరసల మధ్య ఖాళీ కూడా అంతే. తెలుగుకి పైన గుళ్లు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసలు దగ్గరైతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలి పిల్లలు తికమక పడతారు. మాటల మధ్య కనీసం ఒక అక్షరం పట్టేంత చోటు వదలండి. సంధి చేసి ‘కిందుంది’ అని రాయకండి, ‘కింద ఉంది’ అనే రాయండి, అలాగే పలకండి. చాలా పాత పాటలు చార్టుకి నప్పనిది ఈ సంధి వల్లే: ‘తోటకెళ్లావా’ ఒక మాటో రెండు మాటలో వేలికి తెలియదు.

ఒక్క నల్ల మార్కరుతోనే రాయండి. ఆ వారం అక్షరం మాత్రం ఎరుపు. రంగు రంగుల చార్టు పెద్దవాళ్ల ముచ్చట. బొమ్మ ఒకటే, అదీ మూలన.

మన దగ్గర సముద్రపు చెమ్మకి చార్టు రెండు వారాల్లో చుట్టుకుపోతుంది. వెనక అట్టపెట్టె ముక్క మైదాతో అంటిస్తే బొద్దింకలు, బూజు రెండూ వస్తాయి, ఫెవికాల్ వాడండి. ఫ్లెక్సు మన్నుతుంది గానీ ట్యూబులైటు కింద మెరిసి పక్కన కూర్చున్నవాళ్లకి కనపడదు. మాట ముక్కలకి పాత క్యాలెండర్ల వెనక వైపు చాలు, గట్టిగా ఉంటుంది.

మల్కాపురం_లైను:
హిందీ పిల్లల గురించి. హిందీలో చాలా మాటలు హల్లుతో ఆగిపోతాయి, తెలుగులో మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చు పలకాలి. అందుకే ‘బాతు’ని ‘బాత్’ అంటారు, చప్పట్లు ఒకటి తగ్గిస్తారు. ఇక్కడ మాత్రం పాట సాయం చేస్తుంది. పాటలో చివరి అచ్చు మింగేస్తే తాళం తప్పుతుంది, వాళ్లకే తెలిసిపోతుంది. వాళ్లకి రెండు చప్పట్ల మాటలు ఎక్కువ ఇవ్వండి: పీత, బాతు, కోతి, పిట్ట. ఒడియాలో ఆ చిక్కు తక్కువ, మాట చివరి అచ్చు పలుకుతారు.

మాట అర్థం తెలియకుండా పాట మొదలుపెట్టకండి. సోమవారమే పీత బొమ్మ, రాయి, ఇసకలో వేలితో గీత, ఈ మూడూ చూపించేయండి. వాళ్ల ఇంటి పాట ఒకటి తల్లిని పిలిచి పాడించండి. దాన్ని తెలుగు లిపిలో రాయాల్సిన పని లేదు, చప్పట్లు కొడితే చాలు, ఆ నేర్పు ఏ భాషకైనా పనికొస్తుంది.

ఇంకోటి. పేట పిల్లలు చేపని ‘సేప’ అంటారు, నేనుని ‘నాను’ అంటారు. పాట మధ్యలో ఆపి దిద్దకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన ఉత్తరాంధ్రలోనే! చార్టు మీద ‘చేప’ అని చూపించి మీరు ‘చేప’ అని చదవండి. ఒకరిద్దరు ‘మా ఇంట్లో సేప అంటాం’ అంటే సంతోషించండి, చ-స తేడా వినపడిందన్నమాట.

బలపం_ముక్క:
పీత పాట ఈ సోమవారమే మొదలుపెడతాను. ఆయాకి మిగతా పదహారు మందితో ఏం చేయించాలి? అ ఆల గురించి తల్లులకి ఏం చెప్పను?

గుణింతం:
మిగతావాళ్లకి మొదటి అక్షరం సంచి ఇవ్వండి. గుడ్డ సంచిలో చేత్తో పట్టుకునే వస్తువులు ఎనిమిది: పలక, పటం, పగడం పూస, కలం, కప్పు, కవరు, గంట, గవ్వ. ఒక్కోటి తీసి పేరు చెప్పి, ‘ప’ గంపలోకో ‘క’ గంపలోకో ‘గ’ గంపలోకో వెయ్యాలి. ఆయా గారికి చదవడం రాకపోయినా నడిపించొచ్చు. గంపకి అక్షరం అంటించండి, బొమ్మ వద్దు. ప, వ, మ, ష ఒకేసారి పెట్టకండి, చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. ద, థ, ధ కూడా అంతే. ‘ప’ స్థిరపడి మూడు వారాలయ్యాక ‘వ’ తెండి.

తల్లులకి చెప్పడం కన్నా చూపించడం సులువు. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మాట ముక్కల ఆట వాళ్ల ముందే ఆడించండి. పిల్ల ‘రాతి’ ముక్క ఏరి ఇస్తే అ ఆల ప్రశ్న కొన్నాళ్లు రాదు. అచ్చులు ఎలాగూ పాటల్లోనే వస్తాయి: ‘ఉంది’లో ఉ వచ్చేసింది, వచ్చే వారం పాటలో అ, ఈ తగిలేలా చూసుకోండి. అ నుంచి అః దాకా వరసగా దిద్దించడం ఐదో ఏడు నిండాక, వేళ్లు కుదిరాక. ముందు ఇసకలో, తర్వాత నేల మీద సుద్దతో, ఆపైన పలక.