వండర్‌లా, ఫిల్మ్ సిటీ ట్రిప్: నిమిషాల లెక్కన ప్లాన్ వేసుకోవాలా, వెళ్లాక చూసుకోవాలా?

సుబేదారి_అమ్మ (హన్మకొండ)

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాం. ఒకరోజు రైడ్ల పార్కు వండర్‌లా, మరుసటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. మేమిద్దరం, ఏడో తరగతి బాబు, ఒకటో తరగతి పాప, మా అత్తమ్మ, అందరం మా కారులోనే. సద్దుల బతుకమ్మ నాటికి ఇంటికి వచ్చేయాలి, దాంట్లో మార్పు లేదు.

గొడవ ఎక్కడంటే మా ఆయనకు ఏదైనా ఎక్సెల్ షీట్ లేనిదే నడవదు. ఈ ట్రిప్‌కి కూడా షీట్ తయారు. 11.05కి ఫలానా రైడ్, 11.40కి ఇంకోటి, 1.10 నుంచి 1.35 దాకా లంచ్. బాత్రూమ్‌కి కూడా ఒక గడి ఉంది, నమ్మండి. మా బాబు అది చూసి "డాడీ, దీనికి కూడా మార్కులు వేస్తారా" అని అడిగాడు.

నేను దానికి పూర్తిగా ఉల్టా. మా పుట్టింట్లో ఎక్కడికి పోవాలన్నా పొద్దున లేచి "పోదాం పా" అంటే పోవుడే. లక్నవరం అని బయల్దేరి, దారిలో రామప్ప గుడి దగ్గర ఆగి, అక్కడే చెట్ల కింద పొద్దుగూకేదాకా కూర్చుని ఇంటికొచ్చిన సందర్భాలు ఉన్నాయి, ఎవరూ ఏమీ అనుకోలేదు. కానీ గుడికి టికెట్ లేదు కదా, ఇక్కడ మనిషికి ఇంతని కట్టి లోపలికి పోయి నాలుగు రైడ్లు ఎక్కి వస్తే ఏం లాభం అని ఆయన వాదన. అదీ కాదనలేను.

ఇట్లాంటి చోట్లకు వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ముందే గట్టిగా ఫిక్స్ చేసుకోవాల్సినవి ఏవి, అక్కడికి పోయాక మన ఇష్టానికి వదిలేయాల్సినవి ఏవి? అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, అయినా మనవడు రోలర్ కోస్టర్ ఎక్కేది చూడాల్సిందేనని పట్టుబట్టి కూర్చుంది.

కాజీపేట_జంక్షన్

అక్కా, షీట్ ఉండనీయండి, అందులో టైమ్ కాలమ్ మాత్రం తీసేయమనండి. వండర్‌లాలో 11.40 అనేది మన చేతిలో ఉండదు, లైన్ చేతిలో ఉంటుంది. ఒక్క స్కూల్ బస్సు దిగిందంటే ఆ గడులన్నీ వరుసగా తప్పిపోతాయి, ఆ తర్వాత రోజంతా బావగారు వాచీ చూసుకుంటూ తిరుగుతారు.

ఇంట్లోనే తేల్చుకోవాల్సింది పిల్లల ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దల టికెట్. భయం పుట్టించే పెద్ద రైడ్లలో చాలావాటికి కూడా అదే 140 గీత. అంటే టికెట్ కౌంటర్ దగ్గర కొడుకు పొట్టిగా ఉండాలి, రైడ్ దగ్గరకు వచ్చేసరికి పొడుగు కావాలి, మన కోరిక అట్లా ఉంటుంది. ఏడో తరగతి అంటే సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటాడు. మా అక్క కొడుకు కొలత కర్ర పక్కన నిలబడి మెల్లగా మడమలు లేపాడు. అక్కడున్న అబ్బాయి ఏమీ అనలేదు, వాడి బూట్ల వైపు చూసి నవ్వి, వేలితో కిందికి అని చూపించాడు. వాడు దిగాడు, కర్ర మాత్రం దిగలేదు. ఆ రైడ్ పేరు చెప్పుకుని నెల రోజులు ఎదురుచూసిన పిల్లాడు, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఇంట్లో గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీసి, చెప్పులు లేకుండా కొలవండి. ఎక్కలేని రైడ్ల పేర్లు ముందే వాడికి చెప్పేయండి. ఆ ఏడుపేదో ఇంట్లోనే అయిపోతుంది.

రెండోది వరుస. గేటు తెరిచిన గంటలో జనం పలచగా ఉంటారు, నీళ్ల రైడ్లు ఇంకా మొదలు కావు. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ లాంటి పెద్దవి ఎక్కదలిస్తే నేరుగా వాటి దగ్గరికే పోవాలి. ఫొటోలు తర్వాత. అది ముందుకు పోయి లూపులు తిరిగి మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది కాబట్టి తిన్నాక ఎక్కే బండి కాదు. భోజనం అయ్యాక నీళ్లలోకి దిగారంటే ఇక ప్లాన్‌తో పనిలేదు, పిల్లలు వేవ్ పూల్‌లోంచి బయటికి రానే రారు. కాటన్ బట్టలతో నీళ్లలోకి పంపరు, నైలాన్ బట్టలు ఉండాలి. ఇంటి నుంచి తీసుకుపోతే అక్కడ కొనే పని తప్పుతుంది.

ఇంతకుమించి ఏదీ రాసుకోవద్దు.

పరకాల_వదిన

అందరూ ఆ షీట్ మీద పడ్డారు గానీ ఒక్క మాట అడుగుతాను. "ప్లాన్ లేకుండా హాయిగా పోదాం" అనే ఇళ్లలో నీళ్ల సీసాలు, పిల్లల జత బట్టలు, మాత్రలు, ఛార్జర్ ఎవరు సర్దుతారు? మా ఇంట్లో అందరూ హాయిగానే ఉండేవారు, నేను తప్ప. ప్లాన్ లేదంటే ఎవరో ఒకరి తలలో ఉందని అర్థం, కాగితం మీద లేదంతే. మీ ఆయన ఆ పని తన నెత్తిన వేసుకున్నారంటే దండం పెట్టండి తల్లీ. గడులు పది తగ్గించమనండి, బ్యాగ్ సర్దే గడి ఒకటి ఆయన పేరు మీదే పెట్టించండి.

బడిపంతులు_హుజూరాబాద్

మేము ఏటా పిల్లల్ని ఇట్లా టూర్‌కి తీసుకుపోతుంటాం. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నా, బస్సు నిండా ఉన్నా చిక్కు ఒకటే. అందరూ అన్నీ ఎక్కాలనుకుంటారు, సాయంత్రానికి ఒక్కరికీ తాము కోరుకున్నది దొరకదు.

మేము చేసేది చెప్తాను. బయల్దేరే ముందు రోజు ఒక్కొక్కరినీ ఒకే ఒక్క రైడ్ పేరు చెప్పమంటాం. "ఇది ఎక్కకపోతే నేను రానట్టే" అనిపించేది. ఆ పేర్లన్నీ మధ్యాహ్న భోజనం లోపు పూర్తి చేస్తాం. తర్వాత ఎవరి బృందం ఇష్టం వాళ్లది, ఒకే రైడ్ మళ్లీ మళ్లీ ఎక్కినా అడగం. మీ ఇంట్లో పెద్దావిడతో సహా ఐదుగురు కాబట్టి ఐదు పేర్లు. ఆమెను కూడా అడగండి, "నాకేం వద్దు బిడ్డా" అంటే ఊరుకోకండి. జెయింట్ వీల్ చూసి వాళ్ల ముఖాలు వెలగడం నేను చూశాను.

ఇక ఫిల్మ్ సిటీ సంగతి వేరు, రెండింటికీ ఒకే షీట్ పనికిరాదు. వండర్‌లాలో లైన్‌ని బట్టి తిరగాలి, ఫిల్మ్ సిటీలో గడియారాన్ని బట్టి. స్టంట్ షో, డ్యాన్స్ షో, ఇట్లాంటివాటికి టైమ్ ఉంటుంది, దాటిపోతే తలుపు వేసేస్తారు. బస్సులో తిప్పి సెట్లు చూపించే టూర్ కూడా చాలా సమయం తీసుకుంటుంది. లోపలికి పోగానే ఆ రోజు షో టైములు ఫోన్‌లో ఫొటో తీసుకుని, తప్పకుండా చూడాల్సినవి రెండే ఎంచుకోండి. మధ్యలో మిగిలిన సమయంలో పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట ఉన్నాయి, అక్కడ పాపను ఆమె నడకకే వదిలేయండి. మీ ఆయన ఎక్సెల్ సరదా అంతా రెండో రోజుకు దాచుకోమనండి, అక్కడ దానికి పని ఉంది.

పాప చేతి మీద పెన్నుతో ఫోన్ నంబర్ రాయండి. నీళ్లలో చెరిగిపోతుంది కాబట్టి మొదటి రోజు బ్యాండ్ కట్టడం నయం. తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు లోపలికి వెళ్లగానే చూపించండి. దీంట్లో మాత్రం "చూద్దాంలే" అనకండి.

కాశీబుగ్గ_టు_డాలస్

ఈ చర్చ చూసి మా ఆవిడ, నేను ఒకేసారి నవ్వాం. ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ అని ఉంది కదా, 1971లో తెరిచింది, నాలుగు పెద్ద పార్కులు. అక్కడ ప్లాన్ లేకుండా పోతే నిజంగానే దెబ్బతింటారు. లోపల కూర్చుని తినే పేరున్న హోటళ్లలో టేబుల్ కోసం 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు. లైన్ తప్పించుకోవడానికి లైట్నింగ్ లేన్ అని డబ్బు కట్టి టైమ్ తీసుకోవాలి, వాళ్ల హోటల్‌లో దిగినవాళ్లకు 7 రోజుల ముందు, బయటివాళ్లకు 3 రోజుల ముందు అది దొరుకుతుంది. 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో మొదలుపెట్టినప్పుడు ఉచితంగా ఒక చీటీ చేతికిచ్చేవాళ్లట. ఇప్పుడు ప్రతిదానికీ యాప్, ప్రతి యాప్‌లో కార్డు.

సరే, మేమూ షీట్ వేసుకునే పోయాం. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నం కాగానే ఉరుములు మొదలవుతాయి, దగ్గర్లో మెరుపు కనిపిస్తే బయటున్న రైడ్లన్నీ ఆపేస్తారు. మేము మధ్యాహ్నం రెండు దాటాక అని రాసుకున్నవన్నీ వానకే పోయాయి. ఒక చూరు కింద నిలబడితే మా చిన్నోడు పక్కన ఉన్న ఎవరో పిల్లాడితో నీళ్లలో కాగితం పడవలు వేయడం మొదలుపెట్టాడు. ఆ కాగితం మేము ప్రింట్ తీసుకున్న షీటే. ఇప్పటికీ వాడికి ఆ ట్రిప్‌లో గుర్తున్నది ఆ పడవలే, కోట ముందు దిగిన ఫొటో చూపిస్తే "ఓ, అక్కడ కూడా పోయామా" అంటాడు. డాలర్లు లెక్కేసుకుంటే మాత్రం నాకు ఇంకా మండుతుంది, అది వేరే విషయం.

అక్కడ నాకు నచ్చినది ఒకటుంది, రైడర్ స్విచ్ అంటారు. చిన్నపిల్ల ఎక్కలేని రైడ్ దగ్గర ఒకరు పాపతో బయట ఉంటే, మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు మళ్లీ మొత్తం లైన్‌లో నిలబడకుండా ఎక్కొచ్చు. అట్లాంటి సౌకర్యం ఉందా అని మీరు వెళ్లే చోట కౌంటర్‌లో అడగండి. లేకపోయినా పెద్దాళ్లిద్దరూ వంతులు వేసుకోండి, పాప దగ్గర ఎప్పుడు ఎవరు ఉండాలో ఇంట్లోనే మాట్లాడుకోండి. మాకు గొడవలన్నీ అక్కడే వచ్చాయి, రైడ్ల దగ్గర కాదు.

జనగామ_స్టీరింగ్

నేను ఫ్యామిలీలను కారులో తీసుకుపోతుంటాను. లోపలి సంగతి మీరు చూసుకోండి, దారి సంగతి నేను చెప్తా.

హన్మకొండలో పొద్దున ఆరున్నరకు కదలండి. ఉప్పల్‌లోకి పోకండి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసి రావిర్యాల ఎగ్జిట్ 13లో దిగితే వండర్‌లా పక్కనే. ఫిల్మ్ సిటీకైతే అదే ఔటర్ మీద పెద్ద అంబర్‌పేట ఎగ్జిట్ 11లో దిగి విజయవాడ హైవే పట్టుకోవాలి. రాత్రి ఉండేది హయత్‌నగర్ వైపు చూసుకుంటే రెండో రోజు పొద్దున పరుగు ఉండదు.

నేను ఎక్కువగా చూసేది ఏంటంటే, అన్నీ ప్లాన్ వేసుకుని వచ్చినవాళ్లు భువనగిరి దాటకముందే "దారిలోనే కదా అన్నా, గుట్ట మీద దర్శనం చేసుకుని పోదాం" అంటారు. దసరా సెలవుల్లో యాదగిరిగుట్ట దర్శనం ఎంతసేపు పడుతుందో నరసింహస్వామికే తెలియాలి. పదకొండుకు గేటు దగ్గర ఉండాల్సినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతారు, టికెట్ ధర మాత్రం అంతే. గుట్టకు పోవాలనుకుంటే తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, లేదా దానికోసమే ఇంకోసారి రండి.

బయటి తిండి రెండు చోట్లా లోపలికి రానివ్వరు. సర్వపిండి, పులిహోర కట్టుకుంటే పార్కింగ్‌లో డిక్కీ ఎత్తి అక్కడే తినేసి లోపలికి పోండి. మస్తు మంది అదే చేస్తారు, మొహమాటం అక్కర్లేదు.

సుబేదారి_అమ్మ (హన్మకొండ)

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి ఈ జవాబులన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. పరకాల వదిన రాసిన దగ్గర "ఆవిడెవరో కానీ కరెక్ట్" అని రెండుసార్లు అన్నారు, బ్యాగ్ గడి వచ్చేసరికి మాత్రం ఫోన్ మోగినట్టు లేచి వెళ్లిపోయారు.

బాబును గోడకు నిలబెట్టాం. 138 వచ్చింది. అరగంట ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత 140 అక్కర్లేనివి ఏమున్నాయో వాడే వెతుక్కుంటున్నాడు, టికెట్ తగ్గుతుందని వాళ్ల నాన్న మాత్రం లోపల్లోపల ఖుషీ. మొదటి రోజు షీట్‌లో ఇప్పుడు ఐదు పేర్లే ఉన్నాయి, టైములు లేవు. అత్తమ్మ "మీరు ఏది ఎక్కితే అదే" అంది గానీ, పంతులుగారు చెప్పినట్టు వదలకుండా అడిగితే పిల్లలు డ్యాన్స్ చేసే వాన ఏదో ఉందట కదా, దాన్ని దూరం నుంచి చూస్తానంది. ఎవరు చెప్పారో ఏమో!

ఒక్క డౌట్ మిగిలింది. మేము నీళ్లలో ఉన్నంతసేపు అత్తమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి? చీరతో నీళ్ల దగ్గరికి రాదు, ఒంటరిగా వదలాలంటే నాకు టెన్షన్.

కాజీపేట_జంక్షన్

ఆమె కోరుకున్నది రెయిన్ డిస్కో అక్కా, పైనుంచి నీళ్లు పడుతుంటే పాటలు పెడతారు. నీళ్ల రైడ్ల చుట్టూ కూర్చునే చోట్లు ఉంటాయి, వేవ్ పూల్ కనిపించే వైపు నీడలో చోటు పట్టుకోండి. ఆమె దగ్గర ఒక ఫోన్, టవళ్లు, చెప్పులు పెట్టండి. ఫోన్‌లో మీ నంబర్ మొదట్లోనే సేవ్ చేసి ఒకసారి కాల్ చేయించి చూడండి. బావగారు, మీరు వంతులవారీగా అరగంటకొకరు వచ్చి కూర్చుంటే సరిపోతుంది.