ఫిషింగ్ జెరండా, పార్టిసిపులా? రేపే పరీక్ష

అమలాపురం విద్యార్థి: సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు. ఫిషింగ్ అన్న మాట జెరండా, ప్రెజెంట్ పార్టిసిపులా? గైడులో ఒకటుంది, ట్యూషన్ మాస్టారు ఇంకొకటి చెప్పారు. ఒక్క ముక్కలో చెప్పండి, తల పగిలిపోతోంది.

భీమవరం: జెరండ్.

విశ్రాంత తెలుగు పండితుడు: ఒక్క ముక్కలో తేలదు బాబూ. పాత ఇంగ్లీషులో ఇవి వేర్వేరు ప్రత్యయాలు. పని పేరుకు, అంటే జెరండ్‌కు, ‘ఉంగ్’, ‘ఇంగ్’; విశేషణానికి, అంటే పార్టిసిపుల్‌కు, ‘ఎండె’. పోనుపోను రెండూ కలిసి ‘ఇంగ్’ ఒక్కటే మిగిలింది. నీ తలనొప్పి ఆనాటిది! మనకు ఆ బాధ లేదు: ఈదడం వేరు, ఈదుతూ వేరు. జెరండ్ భావార్థకం, పార్టిసిపుల్ శత్రర్థకం. రాసుకో.

రాజోలు టీచర్: క్షమించండి మాస్టారూ. ‘నవ్వుతూ వచ్చింది’ శత్రర్థకం. ‘నవ్వుతున్న పిల్ల’ క్రియాజన్య విశేషణం. ఇంగ్లీషులో రెండు చోట్లా పార్టిసిపులే. ఒక్క పేరే చెబితే పిల్లలు తికమకపడతారు.

విశ్రాంత తెలుగు పండితుడు: నలభై ఏళ్లు అలాగే చెప్పాను. ఎవరూ తికమకపడలేదు.

రాజోలు టీచర్: సరే లెండి. బాబూ, అసలు వాక్యం ఏది? ‘ఫిషింగ్ బోట్’ అయితే జెరండ్. వేటకు వాడే పడవ అది, పడవే వేటాడదు కదా. తెలుగులో ‘చేపలు పట్టే పడవ’ అని విశేషణంలా అంటాం కాబట్టి మోసపోవద్దు. ‘స్లీపింగ్ పిల్’ కూడా అంతే, నిద్రపోయేది మాత్ర కాదు. ‘స్లీపింగ్ బేబీ’లో నిద్రపోయేది బిడ్డే, కనుక పార్టిసిపుల్. పలికి చూడండి: ఫిషింగ్ బోట్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటి మాట మీద పడుతుంది.

అమలాపురం విద్యార్థి: వాక్యం రాయలేదా! లంక ఒడ్డున గాలంతో పులస పడుతున్న కుర్రవాడు మా తమ్ముడు అని. ‘ద బాయ్ ఫిషింగ్’ అని వస్తుంది.

యానాం: గాలానికి పులస పడటమేమిటండీ! వరద నీటికి ఎదురీదుతూ వస్తుంది, దానికి వలే వేయాలి. ఆ ప్రశ్న రాసినవారు గోదావరి చూశారా?

రాజోలు టీచర్: పార్టిసిపుల్. ఆ కుర్రవాడు ఎవరో చెబుతోంది.

భీమవరం: వాక్యం ముందే పెట్టవలసింది.

విశ్రాంత తెలుగు పండితుడు: క్రియాజన్య విశేషణమే, ఇక్కడికి ఒప్పుకుంటాను. ఇక్కడికి మాత్రమే.

అమలాపురం విద్యార్థి: అయితే గైడే కరెక్టు. థాంక్సండి, పడుకుంటాను.

యానాం: ఇంతకీ ఏ లంక బాబూ?