చెంపలకు కొల్లాజెన్ పెంచే ఇంజెక్షన్: వారానికే మళ్లీ మామూలు, డబ్బు పోయినట్టేనా?

కావలి_పిల్ల:
బరువు తగ్గాక చెంపలు పీక్కుపోయాయి. నెల్లూరులో ఇంజెక్షన్లు చేయించుకున్నా. ఆ రోజు బుగ్గలు నిండుగా ఉన్నాయి, వారం తిరక్కుండానే మళ్లీ పాత మొహమే. ఇంట్లో ఒకటే సాధింపు. ఎవరన్నా చేయించుకున్నారా?

ఒంగోలు_వదిన:
స్కల్‌ప్ట్రా అనే మందేనా? అయితే టెన్షన్ పడకమ్మా. అది పొడి, నీళ్లలో కలిపి ఎక్కిస్తారు. నువ్వు చూసింది ఆ నీళ్ల ఉబ్బే. నాకు రెండో నెల దాటాక గానీ తేడా తెలియలేదు. రెండు మూడు సిట్టింగులు పడతాయి.

కావలి_పిల్ల:
అదే వదినా, పెట్టె మీద పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ అని ఉంది. నీళ్లు పోయాక లోపల మిగిలేదేంటి?

బయాలజీ_మాస్టారు:
కంటికి ఆనని రేణువులు. ఒంటికి అవి పరాయివి కాబట్టి మాక్రోఫేజులనే రోగనిరోధక కణాలు వచ్చి చుట్టుముడతాయి. మింగలేనంత పెద్ద రేణువైతే కొన్ని కణాలు కలిసిపోయి ఒక్కటే పెద్ద కణమవుతాయి. వాటి సంకేతాలు అందుకుని ఫైబ్రోబ్లాస్టులనే చర్మ కణాలు కొల్లాజెన్, అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్, అల్లుతాయి, ముందు మూడో రకం, తర్వాత గట్టిదైన మొదటి రకం. రేణువులు నెలల తరబడి మెల్లగా కరిగిపోతాయి, అల్లిక మిగులుతుంది. 2004లో అమెరికా దీనికి అనుమతిచ్చింది హెచ్‌ఐవీతో చెంపలు పీక్కుపోయినవాళ్ల కోసం. అందానికి వాడుకోమన్నది 2009లో.

చెరువుగట్టు_బాబాయ్:
అంటే ఏంది మాస్టారూ, లోపల ఏదో జరిగిపోయిందని ఒంటిని నమ్మించి పని చేయించుకోవడమేగా!

బయాలజీ_మాస్టారు:
అంతే బాబాయ్. క్లినిక్‌లో 'నేచురల్' అంటారు గానీ ఈ ముక్క చెప్పరు. అందుకే లూపస్, కీళ్లవాతం లాంటి, ఇమ్యూనిటీ సొంత ఒంటిమీదే పడే జబ్బులు ఉన్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

ట్రంక్‌రోడ్_అక్క:
నాది హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్. అది నీటిని పట్టి ఉంచి వెంటనే నిండుగా కనిపిస్తుంది. చాన్నాళ్లు బాగానే ఉంది. ఒకసారి ఫ్లూ జ్వరం వచ్చి తగ్గిందో లేదో, పెదవి పక్కన శనగగింజంత గడ్డ, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పి. జ్వరానికి ఇమ్యూనిటీ ఉలిక్కిపడి పాత ఫిల్లర్ మీద పడిందన్నారు డాక్టరు. 2020లో మోడర్నా కోవిడ్ టీకా ట్రయల్లోనూ ఫిల్లర్ ఉన్న ముగ్గురికి మొహమో పెదవో వాచింది. నాకు హైలురోనిడేస్ ఇంజెక్షన్‌తో కరిగించారు. స్కల్‌ప్ట్రాకు ఆ విరుగుడు పనిచేయదు, చూసుకో చెల్లీ.

ఒంగోలు_వదిన:
మసాజ్ చేశావా? నాకు రోజుకు 5 సార్లు, 5 నిమిషాల చొప్పున, 5 రోజులు చేయమన్నారు. రేణువులు ఒకేచోట పేరుకుంటే గడ్డలు కడతాయట.

కావలి_పిల్ల:
మసాజా! నాకెవరూ చెప్పలేదే. రేపే ఫోన్ చేసి అడుగుతా.

బయాలజీ_మాస్టారు:
ఇంకొకటి. ఇంజెక్షన్ పడగానే చర్మం తెల్లగా పాలిపోయినా, నొప్పి భరించలేకపోయినా, చూపు మసకేసినా అది ఇమ్యూనిటీ పని కాదు, మందు రక్తనాళంలోకి పోయి ఉండొచ్చు. ఒక్క నిమిషం ఆగకూడదు. బ్యూటీ పార్లర్లలో వేయించుకోవద్దనేది ఇందుకే.

చెరువుగట్టు_బాబాయ్:
ఇంత తంటా ఎందుకబ్బా, చేపల పులుసు తింటే కొల్లాజెన్ రాదా?

బయాలజీ_మాస్టారు:
కడుపులో ముక్కలు ముక్కలుగా అరిగిపోతుంది బాబాయ్, చెంపకే చేరాలని రూలేం లేదు. పులుసు మాత్రం మానకండి.