అప్‌డేట్: దుర్యోధనుడి ఏకపాత్ర కుదిరింది

పోయిన నెల అడిగాను కదా, కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి దుర్యోధనుడి వైపు నుంచి పది నిమిషాల ఏకపాత్ర రాస్తే, విన్నవాళ్లంతా "సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుంది" అంటున్నారని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది మాత్రం భాసుడి సంస్కృత నాటకం 'ఊరుభంగం' చదవమన్న సలహా. అందులో తొడలు విరిగి పడున్న దుర్యోధనుడి ఒళ్లో కూర్చోబోతాడు కొడుకు దుర్జయుడు. తండ్రి వద్దంటాడు. అంతే, వాదన లేదు.

తర్వాత చిక్కడపల్లిలో ఒక పాత పద్యనాటక నటుడికి నా స్క్రిప్టు చూపించాను. "నా తప్పేముంది" అన్న చోటల్లా పెన్సిల్‌తో కొట్టేశారు. పదకొండు చోట్ల! జూదం ముక్క మాత్రం తీయనివ్వలేదు. "చేసింది చేశానని చెప్పనీ బాబూ, అప్పుడే వింటారు" అన్నారు.

గ్రాంథికమా, వాడుకా అని మనం అంతసేపు కొట్టుకున్నది వేస్ట్. వాడుకలోనే చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. గద అద్దెకు తేవడమూ దండగే. తొడ విరిగినవాడు గదేం తిప్పుతాడు?

మొన్న శనివారం వేశాం. ద్రౌపది మాట వచ్చినప్పుడు ముందు వరుసలో ఉన్న మా అత్తయ్య మొహం తిప్పేసుకున్నారు. దుర్జయుడు ఒళ్లోకి రాబోయే చోట మళ్లీ ఇటు చూశారు.