పార్కు 24 గంటలు తెరిచి ఉంచితే జనం ఎందుకు ఎగబడతారు? తెలిసినవాళ్ళు చెప్పండి (చర్చ)

రాత్రిబండి:
అమెరికాలోని కొన్ని డిస్నీ వినోద పార్కుల్లో 2012 నుంచి 2015 దాకా ఏటా ఒకసారి, పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా గేట్లు మూయకుండా నడిపారు. ఆ నాలుగు రోజుల గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. రైడ్లు అవే, టికెట్ అదే, పైగా విపరీతమైన రద్దీ. మరి అంత ఆకర్షణ ఎక్కడుంది? ఇంకో సంగతి: డిసెంబర్ 31న అర్ధరాత్రి దాటేదాకా నడిచే పార్కులకు మనవాళ్ళు చాలామంది వెళ్తుంటారు. వాళ్ళకు పనికొచ్చేలా వేళలు, తిండి, నిద్ర, ఎక్కడ ఏది బెడిసికొడుతుందో రాయండి. ముచ్చట్లకంటే వివరాలు కావాలి.

అనహైమ్ వాసి:
తేదీలు చాలామంది కలిపేస్తుంటారు, ముందు అవి చెప్తాను. మొదటిది 2012 ఫిబ్రవరి 29, బుధవారం. లీపు సంవత్సరంలో కలిసొచ్చిన రోజు కాబట్టి ‘వన్ మోర్ డిస్నీ డే’ అని పేరు పెట్టారు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్, ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచారు. మిగతా మూడూ మెమోరియల్ డే (మే చివరి సోమవారం వచ్చే అమెరికా సెలవు) ముందొచ్చే శుక్రవారాలు: 2013 మే 24, 2014 మే 23, 2015 మే 22. వీటికి డిస్నీల్యాండ్ పక్కనే ఉన్న డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కు కూడా తోడైంది. 2015లోది డిస్నీల్యాండ్ 60 ఏళ్ళ పండగకు నాంది. ‘పెయింట్ ది నైట్’ ఊరేగింపు, కొత్త బాణసంచా ప్రదర్శన అక్కడ ఆ రాత్రే మొదలయ్యాయి.

వీటికి వేరే టికెట్ లేదు. మామూలు ఒక రోజు టికెట్టో, వార్షిక పాసో ఉంటే సరిపోయేది. ‘ఒక్క టికెట్ మీద 24 గంటలు’ అనగానే ఎవరికైనా గిట్టుబాటు లెక్క తడుతుంది. కానీ లోపలికి వెళ్ళినవాళ్ళు నిజంగా కోరుకునేది రాత్రి 1 నుంచి 5 దాకా ఉండే ఆ నాలుగు గంటలే. మామూలు రోజుల్లో ఆ వేళకు లోపల ఉండేది నేల కడిగేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, మెకానిక్‌లు. సందర్శకుడికి ఎప్పుడూ దొరకని వేళ అది. రాత్రి మూడింటికి ఫ్యాంటసీల్యాండ్‌లో (పార్కులో పిల్లల కథల రైడ్లుండే భాగం) పాటలు పగటి జోరుతోనే మోగుతుంటాయి, రంగులరాట్నం తిరుగుతూనే ఉంటుంది. బెంచీల మీద పైజామాల్లో ఉన్న పెద్దవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి కునుకు తీస్తుంటారు. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి వాళ్ళ సంచీని కూడా ఓ కంట కనిపెడుతుంటాడు.

మనవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. శివరాత్రి జాగారం ఇంట్లో ఒంటరిగా చేస్తే రెండింటికల్లా కళ్ళు మూతలు పడతాయి. గుళ్ళో పదిమంది మధ్య కూర్చుంటే తెల్లారిన సంగతే తెలియదు. ఆకర్షణలో సగం ఆ తోడులోనే ఉంది.

కీలు బోల్టు:
అన్న చెప్పింది నిజమే. దానికి యంత్రాల వైపు నుంచి ఒక మాట కలుపుతాను. రైడ్లకు వైద్యం జరిగేది రాత్రిపూటే. రోలర్ కోస్టర్ అయితే ట్రాక్ వెంట నడిచి బోల్టులు, వెల్డింగులు చూస్తారు. బోగీ కింద మూడు రకాల చక్రాలుంటాయి: బరువు మోసేవి, పక్కలకు ఆనేవి, పట్టా కింద నుంచి పట్టుకునేవి. వాటి పైపూత అరుగుదల చూస్తారు. ఒడి మీద పడే కడ్డీల లాకులు, బ్రేకులు ఒక్కొక్కటీ పరీక్షిస్తారు. ఆ తర్వాత ఖాళీ ట్రైన్లు తిప్పి, సంతకం పెట్టి ఆపరేటర్లకు అప్పగిస్తారు. పార్కు 24 గంటలు నడిస్తే ఈ పనికి చోటు పోతుంది. అందుకని పెద్ద పనులు ముందు రాత్రే ముగించి, ఈవెంట్ రాత్రి రైడ్లను వంతులవారీగా రెండు మూడు గంటలు ఆపుకోవాల్సి వస్తుంది. కాబట్టి రెండింటికి ఏదైనా మూసి ఉంటే పాడైందని నిరాశపడి వెళ్ళిపోవద్దు. ఖాళీ ట్రైన్లు తిరుగుతున్నాయేమో చూడండి. తిరుగుతుంటే తెరిచే వేళ దగ్గరపడ్డట్టే.

క్యూ పొడవు చూసి మోసపోవద్దు. 12 మంది ఎక్కే ట్రైను 30 సెకన్లకు ఒకటి వదిలితే గంటకు 1,440 మంది వెళ్తారు. రాత్రి ట్రైన్లు తగ్గించి నిమిషానికి ఒకటి వదిలితే 720 మందే. క్యూ సగానికి తగ్గినా నిలబడే సమయం అంతే. అదీకాక నిద్రమత్తులో జనం ఎక్కడం, దిగడం నెమ్మదిస్తుంది. స్టేషన్ ఖాళీ అయ్యేదాకా వెనక ట్రైను బ్రేకు మీద ఆగాలి, ట్రాకును భాగాలుగా విడగొట్టి, రెండు ట్రైన్లు ఒకే భాగంలోకి రాకుండా నియంత్రణ పెట్టి ఉంటుంది. భాగాలు ఎక్కువున్న కొన్ని కోస్టర్లలో ఇలా ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతుంది. సంచీ, ఫోను, కళ్ళద్దాలు క్యూలో ఉండగానే సర్దుకుని ఎక్కితే మీకూ మంచిది, వెనకవాళ్ళకూ మంచిది.

ఓర్లాండో గోదారి:
ఆ 24 గంటల రోజులను బట్టి వేళల సంగతి నేను చెప్తాను, అలాంటిది మళ్ళీ పెడితే పనికొస్తుంది.

పొద్దున 6 నుంచి 10 దాకా క్యూలు తక్కువ. అందరూ రాత్రి కోసం ఇంట్లో నిద్రపోతుంటారు. ఆ రోజు పేరుతో అచ్చేసిన టీషర్టులు, పిన్నులు కావాలంటే మొదటి గంటలోనే కొనేయండి. ‘రాత్రికి చూద్దాంలే’ అనుకుంటే మీ సైజు దొరకదు. కొని లాకర్లో పెట్టేయండి.

మధ్యాహ్నం గదికెళ్ళి పడుకోవాల్సిన సమయం.

రాత్రి 7 నుంచి 1 దాకా అన్నిటికంటే కష్టం. డిస్నీల్యాండ్‌లో మరీను, ఎందుకంటే అక్కడికి వచ్చేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఆఫీసు అయ్యాక పాసు పట్టుకుని వచ్చేసేవాళ్ళు. మిక్కీ అండ్ ఫ్రెండ్స్ పార్కింగ్ భవనంలో పట్టేవి సుమారు 10 వేల కార్లు. అది నిండేసరికి రోడ్లు బిగుసుకుపోతాయి. లోపల పరిమితి దాటితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ వేళలో బయటికెళ్తే తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. గది నుంచి 5 కల్లా వెనక్కి వచ్చేయాలి, లేదంటే రాత్రి 1 దాటాక రావాలి. మధ్యలో రావద్దు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఇంకో చిక్కు ఉంది. కారు పెట్టే చోటు నుంచి పార్కు గేటుకు మోనోరైలో, లాంచీయో ఎక్కాలి. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ కనీసం ముప్పావు గంట లెక్కలో వేసుకోండి. అక్కడికొచ్చేవాళ్ళలో పిల్లలతో వచ్చే యాత్రికులు ఎక్కువ. పదిన్నర పదకొండుకల్లా స్ట్రోలర్లు (పిల్లల తోపుడు బండ్లు) తోసుకుంటూ బయల్దేరతారు.

2 నుంచి 5 మధ్య ఏం ఎక్కాలి? పీటర్ పాన్ రైడ్ ఎక్కండి. అది గంటకు మోసేది తక్కువ మందినే, అందుకే పగలు దానికి ఎప్పుడూ పెద్ద క్యూ. పైరేట్స్ పడవలు, హాంటెడ్ మ్యాన్షన్ అనే రైడ్లు గంటకు 2 వేలకు పైగా మోస్తాయి కాబట్టి వాటికి ఈ బంగారంలాంటి గంటలు ఖర్చు పెట్టొద్దు, కాళ్ళు నొప్పిపుట్టినప్పుడు కూర్చోడానికి వాడుకోండి.

5 దాటాక అందరూ గేటు వైపు వెళ్ళే మెయిన్ స్ట్రీట్ మీదికి చేరతారు. ఐదుంపావుకల్లా బయటపడండి, లేదా ఆరున్నర దాకా నిదానంగా కూర్చోండి.

నర్సక్క:
కారు సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. 24 గంటలు మేల్కొని ఉన్న మనిషి మెదడు, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్న మనిషి మెదడులా పనిచేస్తుందని అమెరికా ఆరోగ్య సంస్థలే చెప్తున్నాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్‌కు చట్టపరమైన హద్దు 0.08. పొద్దున ఆరింటికి పార్కు నుంచి బయటికొచ్చి ఫ్రీవే ఎక్కడమంటే తాగి స్టీరింగ్ పట్టుకోవడమే. ఏసీ పెంచినా, పాటలు పెట్టినా ఆ నిద్ర ఆగదు. నడిచి వెళ్ళే దూరంలో గది తీసుకోండి. లేదా క్యాబ్ పిలవండి. లేదా మీ బృందంలో ఒకరిని రాత్రి పదింటికే పడుకోబెట్టి పొద్దున కారుకు వాళ్ళను ఉంచండి.

నిద్ర: ముందు రెండు మూడు రాత్రులు గంట గంట ఎక్కువ పడుకోండి. ఆ రోజు మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య గంటన్నర నిద్ర. రాత్రి కునుకు తీస్తే 20 నిమిషాలు మించొద్దు, మించితే లేచాక మత్తు ఇంకా ఎక్కువ. కాఫీ ఒకేసారి పెద్ద కప్పు తాగకండి. పదింటికి కొంచెం, ఒంటిగంటకు కొంచెం. శరీరంలో అది సగానికి తగ్గడానికే 5, 6 గంటలు పడుతుంది కాబట్టి మూడు తర్వాత తాగితే పొద్దున గదికెళ్ళాక నిద్ర రాదు.

తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒంటి వేడి బాగా పడిపోతుంది. డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్‌లో మే నెల రాత్రి 15 డిగ్రీలే ఉన్నా వణుకు పుడుతుంది. లాకర్లో స్వెట్టరు ఉండాలి. కాళ్ళకు పాత బూట్లు, రెండు జతల మేజోళ్ళు. సాయంత్రం ఆరింటికి జత మార్చి, మడమకు, వేళ్ళ సందుల్లో వాజెలిన్ రాసుకోండి. బొబ్బ లేవకముందు ఆ చోట వెచ్చగా మంటపుడుతుంది, అప్పుడే ఆగి ప్లాస్టర్ వేయాలి. లేచాక వేస్తే అంత లాభం ఉండదు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మాత్రల వేళలు మార్చొద్దు. ఇన్సులిన్ చల్లని పౌచ్‌లో పెట్టుకోండి, అవసరమైతే ఫస్ట్ ఎయిడ్ కేంద్రంలో అడగండి. అయిదేళ్ళలోపు పిల్లల్ని దయచేసి అర్ధరాత్రి దాటాక ఉంచొద్దు.

రాత్రిబండి:
నర్సక్కా, మంచి మాట. అలాంటి శుక్రవారం మళ్ళీ వస్తే గది ఏ రాత్రికి బుక్ చేయాలి? శుక్రవారం ఒక్కటీ చాలా?

అనహైమ్ వాసి:
చాలదు. శుక్రవారం రాత్రికే తీసుకుంటే మధ్యాహ్నం 3 దాకా తాళం ఇవ్వరు, శనివారం 11కి ఖాళీ చేయమంటారు. అంటే మధ్యాహ్నం నిద్రా పోయె, పొద్దుటి నిద్రా అయిదు గంటలకు తగ్గిపోయె. గురువారం, శుక్రవారం రెండు రాత్రులు తీసుకుని, శనివారం ఆలస్యంగా ఖాళీ చేస్తామని ముందే అడిగి రాయించుకోండి.

తిరగమోత:
తిండి గురించి నాలుగు ముక్కలు. డిస్నీ పార్కుల్లో మనం తినడానికి మన తిండి తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు కుదరవు. గడ్డకట్టించిన జెల్ ప్యాకులు పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి దాటాక తిండి కౌంటర్లు కొన్నే తెరిచి ఉంటాయి, శాకాహారం ఇంకా తక్కువ.

పులిహోరకు మించింది లేదు. మనిషికి పావు కిలో పొట్లాలు రెండు. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి, అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా ఆరాకే కలపాలి. వేడి మీద డబ్బాలో మూస్తే మూతకు ఆవిరి పట్టి, ఆ చెమ్మకే పాడవుతుంది. నిమ్మకాయ పులిహోర అంతసేపు నిలవదు. పెరుగన్నం ఫ్లోరిడా ఉక్కకు మధ్యాహ్నానికే పులుస్తుంది, వద్దు. చెక్కలు, వేరుశనగ ఉండలు రాత్రి రెండింటికి పనికొస్తాయి. ఆ వేళకు తీపి పానీయాలు తాగితే కాసేపటికి ఇంకా నీరసపడొచ్చు.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌ది అంటే మామూలు ఫోను రెండుసార్లలోపే నిండుతుంది. 24 గంటల ఫొటోలకూ యాప్‌కూ ఇద్దరికి ఒక్కటి చాలదు.

లెక్కల మాస్టారు:
కంపెనీకి ఇందులో ఏం ఒరుగుతుందో కూడా చూడాలి. వేసవి సీజన్ మొదలయ్యే వారాంతం, పొద్దున ఆరింటికి గేటు దగ్గర టీవీ కెమెరాలు, పైజామాల్లో వరసకట్టిన జనం. కొన్న ప్రకటనకు ఆ కళ రాదు. ఖర్చూ తక్కువేం కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండు రెట్లు జీతం ఇవ్వాలి, కాబట్టి మూడు పూర్తి షిఫ్టుల మనుషుల్ని దింపాలి.

2015 తర్వాత ఇది ఎందుకు ఆగిందో నా అంచనా చెప్తాను. 2016లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ‘డిస్నీ ఆఫ్టర్ అవర్స్’ మొదలైంది. పార్కు మూశాక మూడు గంటలు, పరిమిత సంఖ్యలో జనం, ఐస్‌క్రీములు కలిపి అప్పట్లో 149 డాలర్ల వేరే టికెట్. 2018లో కాలిఫోర్నియాలో ‘డిస్నీల్యాండ్ ఆఫ్టర్ డార్క్’ వచ్చింది. రాత్రి వేళకు ఇంత గిరాకీ ఉందని తెలిశాక దాన్ని ఊరికే ఎందుకు ఇస్తారు? క్యూలు లేని రాత్రి కావాలంటే ఆ టికెట్ కొనుక్కోవడం మంచిదే. కానీ సామాన్యుడి టికెట్ మీద దొరికిన ఆ తెల్లవారుజాము అందులో ఉండదు, అది పోవడం నాకు నిజంగా బాధే.

మేడ్చల్ బండి:
మన హైదరాబాద్ పార్కుల్లో ఇలా పెడితే నడుస్తుందా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
రాత్రంతా జనాన్ని నిలబెట్టడం మనకు కొత్త కాదు బాబూ. మేడారం జాతర, గణేశ్ నిమజ్జనం ఉన్నాయిగా. అయితే జాతరకు గేటూ ఉండదు, ఇంత పెద్ద రైడ్లూ ఉండవు. వండర్‌లా లాంటివి పగటి పార్కులు, సాయంత్రానికి మూసేస్తారు. కీలు బోల్టు గారు చెప్పిన రాత్రి తనిఖీకి మనుషుల్ని, సమయాన్ని చూపించనిదే ఒప్పుకోకూడదు. దానికితోడు రాత్రి రెండింటికి ఇంటికి చేర్చే బస్సులు కావాలి. మెట్రో ఆ వేళకు ఉండదు.

ఓర్లాండో గోదారి:
డిసెంబర్ 31 గురించి అడిగారు కదా రాత్రిబండి గారూ. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొత్త సంవత్సరం బాణసంచా 30వ తేదీ రాత్రి కూడా అదే కాలుస్తారు. అర్ధరాత్రి లెక్కపెట్టడం ఒక్కటే 31కి ప్రత్యేకం. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే 30నే వెళ్ళండి. 31నే కావాలంటే పొద్దున గేటు తెరిచే వేళకే లోపల ఉండండి, ఆ రోజు పార్కు నిండిపోతుంది. బాణసంచా అయ్యాక వెంటనే మోనోరైలు వైపు పరిగెత్తొద్దు. గంటసేపు లోపలే ఏదైనా రైడ్ ఎక్కండి. క్యూ పలచబడ్డాక లాంచీ ఎక్కితే కూర్చోడానికి చోటు కూడా దొరుకుతుంది.