కాటిలో దాగిన అడవి

"కాటికాపరి"లోని "కాటి" కాష్ఠం అనే మాటకు వికృతి కావచ్చునా అని మొన్న ఇక్కడ ఒక మిత్రులు అడిగారు. కాదని నా అభిప్రాయం. నాడు నాటి, గూడు గూటి, ఏడు ఏటి అయినట్టే "కాడు" అనే అచ్చతెలుగు మాట విభక్తికి ముందు "కాటి" అవుతుంది. వ్యాకరణం దీనిని ఔపవిభక్తికం అంటుంది. ఇప్పుడు "కాడు" ఒంటరిగా మన నోట దాదాపు వినబడదు, "వల్లకాడు"లో తలదాచుకొంది. "కాటి" మాత్రం హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను వల్లా, "కాటికి కాళ్లు చాపుకొన్నవాడు" అనే నానుడి వల్లా నిలిచింది.

ఈ కాడుకు మరొక అర్థం అడవి. తమిళంలోనూ కన్నడంలోనూ నేటికీ ఆ అర్థం వాడుకలో ఉంది. పైగా తమిళులు దహనం చేసే చోటును సుడుకాడు అనీ, పూడ్చే చోటును ఇడుకాడు అనీ వేరు చేసి చెబుతారు. సంస్కృతం సంగతి చూస్తే, అమరకోశం శ్మశానానికి పితృవనం అనే పర్యాయపదాన్ని ఇస్తుంది. పితరుల వనం! రెండు వేరు భాషాకుటుంబాలు ఒకే చోటును చెట్ల పేరుతో పిలవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ పేరు ఎంత తగినదో శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊరి పాత సమాధుల దొడ్డిలో నాకు తెలిసింది. ఒక వైపు సరుగుడు తోట, లోపల దేవగన్నేరు చెట్లు, గార రాలిపోయి ఇటుకలు బయటపడిన సమాధులు. సాయంత్రం పూట సరుగుళ్ల హోరు తప్ప మరో చప్పుడు ఉండదు. కిందటి నెల ఒక పలక మీద "ప్రభువునందు నిద్రించిరి" అన్న మాట చదవబోతే, "ద్ర" కింది క్రావడి గాడి నిండా చీమలు తెచ్చిన ఎర్రమన్ను ఉంది. పుల్లతో మెల్లగా తీసి, వేలితో తడిమి ఆ అక్షరాన్ని పూర్తిగా చదివాను. వేదపదాల వ్యుత్పత్తులు వివరించే నిరుక్తం రాసిన యాస్కుడు శ్మశానాన్ని "శ్మ శయనం", అంటే శరీరం పడుకొనే చోటు అని వివరించాడు. ఇంగ్లీషు సెమెటరీకి మూలమైన గ్రీకు మాటకు కూడా నిద్రించే చోటు అనే అర్థం. ఆ పలక చెక్కిన పనివానికి ఈ నిరుక్తాలు తెలిసి ఉండకపోవచ్చు గాని, మాట అదే పడింది.

ఇలా తిరిగి వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్దవారు "శ్మశానవైరాగ్యం పట్టిందా నాయనా?" అని అడుగుతారు. ఆ మాటను ఇక్కడ నేను ఒప్పుకోలేను. చితి ఆరేలోపు కలిగి, ఇల్లు చేరేలోపు పోయే విరక్తికి ఆ పేరు సరిపోతుంది. రాగం పోవడమే కదా వైరాగ్యం. పాత సమాధుల నడుమ నాకు పోయేది ఏదీ లేదు, పైగా ముక్కూ ముఖమూ తెలియని మనుషుల మీద ఆపేక్ష పుడుతుంది. విజయనగరానికి దగ్గరలోని భీమునిపట్నంలో ఒలందుల (డచ్చివారి) సమాధుల దగ్గర కూడా నాకు ఇదే జరిగింది. 17వ శతాబ్దిలో వర్తకానికి వచ్చి, తమ నేలకు తిరిగి వెళ్లలేకపోయినవారు వారు. ఆ రాళ్ల మీది భాష నాకు రాదు, అయినా సంవత్సరాలు లెక్కకట్టి, ఎవరు ఎంత వయసులో పోయారో చూసుకొంటూ చాలాసేపు నిలబడ్డాను. ఆ భావానికి తెలుగులో ఒక మాట ఉండే ఉంటుందని నా నమ్మకం.

పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి వైపు వారు ఈ చోటును ఇంట్లో ఏమంటారో దయచేసి రాయండి. ముఖ్యంగా "కాడు" అనే మాటను ముందు మరే మాటా లేకుండా, ఒంటరిగా పలికే పెద్దవారు ఎవరైనా మీ ఇళ్లలో ఇంకా ఉన్నారా?